ఎత్తుకోనిచ్చేరా?

"మిషను తీసేయమని డాక్టరుగారికి చెప్పేసేరాండీ?" అమలాపురం ఆసుపత్రిలో శారోన్ మంచం మీంచి లేవబోతూ అడిగింది.

"నిన్నడక్కుండా ఎలా చెబుతాను?" అన్నాడు ఆమె భర్త మధుబాబు.

పాపకి మెదడు ఎదగలేదు. పుట్టినప్పటినుంచీ ఊపిరి గొట్టంతోనే ఆడుతోంది. ఇక బాగయ్యే దారి లేదని డాక్టరుగారు ఇద్దరికీ చెప్పారు. మిషను ఉంచడమా, తీసేయడమా అన్నది తల్లిదండ్రులే తేల్చుకోవాలి.

"కానీ మీ మనసులో అదే ఉంది. అప్పుడే మీకు పాప బరువైపోయిందా?"

"ఎంత బరువుందో నాకేం తెలుసు శారోన్?" అన్నాడు మధుబాబు. "ఒక్కసారైనా ఎత్తుకోనిచ్చేరా? గొట్టాలు తీసేస్తే, ఊపిరున్న కాసేపూ మన చేతుల్లో పెడతారంట."

శారోన్ అతని ఖాళీ చేతులకేసి చాలాసేపు చూసింది.

"నేను తొమ్మిది నెలలు మోసేనండీ," అంది ఏడుస్తూ. "ముందు మీరెత్తుకోండి."