పొట్టలో చుక్క

“బ్లాగు ఎక్కడికైనా మార్చుకో. మెయిల్ మాత్రం ఒక్క గంట కూడా ఆగకూడదు. ఆగిందో, నీకూ నాకూ చెడుతుంది,” అందామె.

ఆడపడుచు కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. వెబ్‌సైట్లను ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మార్చడమే ఆవిడ ఉద్యోగం. వదిన బ్లాగు నడుస్తున్న పాత కంపెనీ నెలాఖరుకి మూతపడుతోంది. అందుకని ఆదివారం పూట వచ్చి కూర్చుంది, వచ్చినందుకు అప్పుడే లెంపలేసుకుంటోంది.

“వదినా, బ్లాగు వేరు, మెయిల్ వేరు. పేరు అదే, ఇల్లు మారుతోంది. ఉత్తరాలు ఏ ఇంట్లో వెయ్యాలో చెప్పడానికి విడిగా ఒక లైను రాయాలి. అది రాయకుండా వదిలేస్తే నీకే సుఖం. ఆ మెయిల్‌కి రాసేదెవరు? నిన్ను తిట్టేవాడొక్కడేగా?”

“వాడి కోసమే.”

“పీడ విరగడవుతుంటే వద్దంటావేంటి?”

“ఇప్పుడు ఆపితే తోక ముడిచానంటాడు వెధవ!”

ఆమె బ్లాగు పేరు ‘మిద్దె మీద మొక్కలు’. మొదటి వారంలోనే వచ్చింది వాడి మొదటి మెయిల్. పేరు లేదు, ఊరు లేదు. ‘నా మొక్కల్ని అర్ధం చేసుకున్నాను అని రాశారు. అర్ధం అంటే సగం. మొక్కల్ని సగానికి నరికారా? థ పొట్టలో చుక్క పెట్టడం నేర్చుకుని అప్పుడు రాయండి.’

ఆమె ఒంటికాలి మీద లేచి నాలుగు పేజీల జవాబిచ్చింది. వాడు ఆ నాలుగు పేజీల్లో పదకొండు తప్పులు పట్టాడు. అప్పట్నుంచీ రెండేళ్లుగా రోజుకో మెయిల్. వంగ మొక్కకి తెగులంటాడు, వాక్యానికీ తెగులంటాడు. ఒకసారైతే ‘రాసింది చాలుగానీ, మూల కుండీలో పుదీనా ఎండిపోతోంది, నీళ్లు పొయ్యండి’ అన్నాడు. పరుగెత్తి మిద్దెక్కి చూస్తే నిజంగానే ఎండిపోయి ఉంది. ఫొటోలో ఆ మూల కూడా పడినట్టుంది, అనుకుని పళ్లు నూరుకుంది.

“వాడి చేతులు పడిపోను!” అని ఇప్పుడు మళ్లీ గట్టిగా అంది.

పక్కగదిలో ఏదో ఠంగుమని కింద పడింది.

“ఏంటన్నయ్యా అది?” ఆడపడుచు కేకేసింది.

“స్క్రూడ్రైవరు.”

ఆమె భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికి భూతద్దం తగిలించుకుని పొద్దస్తమానం ఆ గదిలోనే ఉంటాడు. బ్లాగు మొదలుపెట్టిన రోజు ‘నీకెందుకీ రాతలు?’ అని నవ్వాడు. ‘ఇక నాతో మాట్లాడకండి’ అందామె. ఏదో కోపంలో అన్న మాట. ఆయన దాన్ని శాసనంలా పట్టుకున్నాడు. ఇప్పుడా ఇంట్లో ఏ మాటైనా ఆడపడుచు మీదుగా నడవాల్సిందే, ఆవిడ రాని రోజున గిన్నెల చప్పుడే.

“మీ అన్నయ్యని అన్నానికి రమ్మను.”

“అన్నయ్యా, రమ్మంటోంది.”

“ఆకలి లేదని చెప్పు.”

“విన్నాన్లే, మాడమను!”

ఆడపడుచు తల పట్టుకుంది. “మీ ఇద్దరి మధ్యా నేను పోస్టుమేన్నా? ఇదిగో, బ్లాగు మారింది. నీ మెయిల్ లైనూ రాశాను. నన్నొదిలెయ్.”

ఆ సాయంత్రమే ఆమె కొత్త ఇంట్లో మొదటి పోస్టు పెట్టింది. మూడు రోజులు కూర్చుని రాసిన పోస్టు. అందులో కావాలనే ‘అర్థం’ అన్న మాట ఎనిమిదిసార్లు వాడింది. ప్రతి పొట్టలోనూ చుక్క ఉందో లేదో వేలు పెట్టి మరీ చూసుకుంది. రెండేళ్లలో ఒక్కసారైనా వాడి చేత ‘తప్పు లేదు’ అనిపించుకోవాలి. ఆమెకి కావలసింది అదొక్కటే.

సోమవారం మెయిల్ రాలేదు.

నోరు పడిపోయిందన్నమాట, అనుకుని కాలరెగరేసింది. మధ్యాహ్నానికి ఆ సంబరం చప్పబడింది. మంగళవారం పొద్దున్నుంచీ ఇరవైసార్లు ఇన్‌బాక్స్ తెరిచింది. మొక్కలకి నీళ్లు పోస్తూ మధ్యలో పైపు వదిలేసి వచ్చి మళ్లీ చూసింది. ఖాళీ. వాడికేమైనా అయిందా? చేతులు పడిపోవాలని తనే కదా అంది! తిట్టే మనిషి లేకపోతే ఇంత దిగులేమిటో ఆమెకి బోధపడలేదు. తన మీద తనకే ఒళ్లు మండింది.

ఆడపడుచుకి ఫోన్ చేసింది. “ఏం తగలేశావు?”

కాసేపు కీబోర్డు టకటకలాడింది. తర్వాత గొంతు తగ్గింది. “వదినా, తిట్టకు. మెయిల్ లైను చివర చుక్క పెట్టాలి. మర్చిపోయాను. అది లేకపోతే అసలు లేని ఇంటి చిరునామా తయారవుతుంది. నీకు రాసిన ఉత్తరాలన్నీ రాసినవాళ్లకే తిరిగి వెళ్లిపోయుంటాయి.”

“చుక్క మర్చిపోయావా? అదే నీ ఉద్యోగం కదే! సిగ్గులేదూ?”

“నువ్వా ఆ మాట అనేది?”

“నోర్ముయ్! ముందు పెట్టు.”

“పెట్టాను. కానీ అందరికీ తెలియడానికి కొన్ని గంటలు పడుతుంది. రేపటికి నీ శత్రువు నీకు దొరుకుతాడులే.”

ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. రేపు! వాడు ఈపాటికి విసుగెత్తి ఇంకెవరి బ్లాగునో పట్టుకుని ఉంటే?

వెనకాల చెప్పుల చప్పుడైంది. భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. భూతద్దం నుదుటి మీదకి నెట్టుకుని, చేతిలో ఫోను పట్టుకుని ఉన్నాడు. ఆమె చూపు తిప్పుకుంది. ఆయన వెళ్లలేదు. రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

“ఎనిమిదో ‘అర్థం’ పొట్టలో చుక్క పెట్టలేదు నువ్వు, చెబుదామంటే రెండ్రోజుల్నుంచీ నా ఉత్తరం వెనక్కొచ్చేస్తోంది.”