ఖిలాలో మంచినీళ్ళు

బస్సు దిగగానే భద్రమ్మ టీచర్ చప్పట్లు కొట్టింది.

"ఇద్దరిద్దరు చేతులు పట్టుకొని నడవాలె. కోట పెద్దగుంటది. ఒక్కరు తప్పిపోయినా పెద్ద టీచర్‌కు జవాబు చెప్పుకునేది నేనే."

ఎనిమిదో తరగతి ఆడపిల్లలు క్షణంలో జతలు కట్టేశారు. స్వరూప ఎప్పటిలాగే మిగిలిపోయింది. ఎండకాలం సెలవుల తర్వాత హనుమకొండ హాస్టల్లో చేరింది. కార్తీకమాసం వచ్చినా ఆమెకు జత దొరకలేదు. అన్నం దగ్గర ఒక్కతే. చివరి బెంచీ మీద ఒక్కతే. మాట్లాడదని 'మూగమ్మ' అని పేరు కూడా పెట్టారు.

ఆ రోజు కమల దోస్తుకు జ్వరం వచ్చింది. కమల వాళ్ళకు చౌరస్తాలో బట్టల దుకాణం ఉంది. ఆమె చుట్టూ చూసి, ఇంకెవరూ లేక, వచ్చి స్వరూప చెయ్యి పట్టుకుంది.

"నడువే మూగమ్మా. ఇయ్యాల్టికి నువ్వే."

స్వరూప అడుగు కలిపింది. 'ఇయ్యాల్టికి' అన్న మాట ఆమెకు గుచ్చుకుంది. రేపు కూడా ఈ చెయ్యి తనకు కావాలి. దానికి ఏం చెయ్యాలో మాత్రం తెలియలేదు.

రాతి తోరణం కింద నిలబడి టీచర్ కాకతీయుల గురించి చెప్పింది. విరిగిన స్తంభాలు, ముక్కు పోయిన నందులు గడ్డిలో పడి ఉన్నాయి. ఏకశిల గుట్ట మీద ఎవరూ లేరు. టీచర్ మాట ఆగితే గాలి ఒక్కటే వినిపిస్తోంది.

ఖుష్ మహల్ వైపు నడుస్తూ కమల ముచ్చట మొదలుపెట్టింది.

"సులోచనను గంప అని ఎందుకు పిలుస్తరో ఎరుకేనా? వాళ్ళమ్మ నెత్తి మీద గంపతోని సీదా క్లాసులకే వచ్చింది. టీచర్‌కు దండం పెట్టి, నా బిడ్డేదమ్మా అన్నది. మేం పడిపడి నవ్వినం."

స్వరూప కూడా నవ్వింది. కాస్త ఆలస్యంగా, కాస్త గట్టిగా.

"అరె, నీకు నవ్వుడు కూడా వస్తదా," అంది కమల. "మీది ఏ ఊరే?"

"మడికొండ."

"మీ నాయిన ఏం జేస్తడు?"

"లేడు. సచ్చిపోయిండు."

కమల కాస్త నెమ్మదిగా నడిచింది. పట్టుకున్న చెయ్యి మాత్రం వదల్లేదు.

తిరిగి వచ్చేటప్పుడు కమలకు దాహం వేసింది. దారి పక్కన పొలాల నడుమ కొన్ని ఇళ్ళున్నాయి. కోట రాళ్ళనే తెచ్చి కట్టుకున్న గోడలు. ఒక వాకిట్లో హంసల వరుస చెక్కిన రాయి మీద తడిబట్టలు పిండి పెట్టారు.

"ఆ ఇంట్ల అడుగుదాం దా."

"వద్దు. బస్సుల నీళ్ళున్నయి," అంది స్వరూప.

"బస్సు దాక నా పానం ఆగదు. నీకు సిగ్గయితే ఎనక నిలబడు, నేనడుగుత."

చుట్టుపక్కల వాళ్ళంతా కోతలకు పోయినట్టున్నారు. మిగతా ఇళ్ళకు తాళాలున్నాయి. ఆ ఒక్క తలుపే తెరిచి ఉంది. అలికిడి విని ఆ ఇంటామె మొగిలమ్మ, చేతిలో చేటతో బయటికి వచ్చింది. పిల్లలిద్దరినీ చూసి ఏదో అనబోయింది.

అంతలోనే స్వరూప అందుకుంది.

"మేం హన్మకొండ బడి పిల్లలం. కోట చూడనొచ్చినం. జర మంచినీళ్ళిస్తరా?"

ఆమె నోట అంత పొడుగు మాట కమల ఎన్నడూ వినలేదు.

మొగిలమ్మ ఒకసారి స్వరూపను, ఒకసారి కమలను చూసింది. తర్వాత చేట కింద పెట్టింది.

"ఎండల నిలబడ్డరేంది. లోపలికి రాండ్రి బిడ్డా."

కడవలోంచి చెంబు ముంచి ఇచ్చింది. కమల చెంబు పైకెత్తి నీళ్ళు గొంతులో పోసుకుంది. స్వరూప చెంబుకు మూతి పెట్టి గటగటా తాగింది.

"ఏందే, పరాయోళ్ళ చెంబు ఎంగిలి చేస్తానవ్?" అంది కమల.

స్వరూప చెంబు పట్టుకుని బిగుసుకుపోయింది.

"తాగనియ్యి బిడ్డా. కడుక్కుంట తియ్యి," అంది మొగిలమ్మ.

ఉట్టి మీంచి రెండు సీతాఫలాలు తీసి చెరొకటి ఇచ్చింది. వాళ్ళు అరుగు మీద కూర్చుని తింటుంటే తనూ ఎదురుగా కూర్చుంది.

"హాస్టల్ల మంచిగ పెడ్తరా బిడ్డా?"

"నాకేమెరుక పెద్దమ్మా. నేను ఇంటికాడ తింట. హాస్టల్ల ఉండేది ఇది."

"అట్లనా." మొగిలమ్మ స్వరూప వైపు తిరిగింది. "కడుపు నిండ పెడ్తాన్రా? కప్పుకోను సరిపోతాందా?"

"సరిపోతాంది," అంది స్వరూప, చేతిలో గింజలు చూసుకుంటూ.

"ఏం పెద్దమ్మా, ఇన్‌స్పెక్టర్ లెక్క అడుగుతానవ్," అని కమల నవ్వింది.

మొగిలమ్మ కూడా నవ్వింది.

"మా కాడికి ఎవలొస్తరు బిడ్డా. ఒక్కదాన్నే ఉంట. వచ్చినోళ్ళను అడుగుడే నాకు పొద్దువోవుడు."

దూరంగా బస్సు హారన్ కొట్టింది. పిల్లలు లేచారు. మొగిలమ్మ దారి దాకా వచ్చి కమల భుజం తట్టింది.

"పైలం బిడ్డా. రాళ్ళు జారుతయి. ఈ పిల్ల చెయ్యి ఇడువకు."

కమల అలాగే చెయ్యి పట్టుకుని నడిచింది.

"మంచిదే పాపం," అంది కొంత దూరం పోయాక. "మా అమ్మయితే ఎరుక లేనోళ్ళను గడప తొక్కనియ్యదు. నువ్వేమో ఆమె చెంబే ఎంగిలి చేస్తివి. రేపటి సంది నా పక్కన కూసో, నీకన్ని నేర్పుత."

స్వరూప తలూపింది. బస్సు ఎక్కేదాకా వంచిన తల ఎత్తలేదు.

పొద్దుగూకే వేళ పక్కింటి గట్టయ్య మేకల్ని తోలుకుంటూ వచ్చాడు. అరుగు మీద సీతాఫలం తొక్కలు చూసి ఆగాడు.

"ఎవలొచ్చి పోయిన్రు వదినె?"

"నా బిడ్డ స్వరూప, దోస్తును ఇంటికి తోలుకొచ్చింది," అంది మొగిలమ్మ.