దానిమ్మ కొమ్మ

"ఆ కొమ్మ మీద కత్తి పెట్టావంటే మర్యాద దక్కదు!"

అత్తగారు పెరట్లోకి దూసుకొచ్చి దానిమ్మ చెట్టుకీ, నర్సరీ ఆయనకీ మధ్య నిలబడింది. కుట్టుమిషన్ మీద సగం జాకెట్టు వదిలేసి వచ్చిందేమో, కొలతల టేపు ఇంకా మెడలోనే వేలాడుతోంది. నర్సరీ ఆయన చేతిలో చిన్న కత్తి, తడి నాచు, ప్లాస్టిక్ కాగితం ఉన్నాయి. కొమ్మకి చుట్టూ బెరడు ఒలిచి, నాచు పెట్టి కట్టేస్తే అక్కడ వేళ్లు పుడతాయి. తర్వాత కోసి ఎక్కడైనా నాటుకోవచ్చు. ఆయన్ని రమ్మన్నది కోడలు.

"ఒక్క కొమ్మే కదా అత్తయ్యా," అంది కోడలు. ఆమె నర్సు. వేరే ఊరి ఆస్పత్రికి బదిలీ అయింది.

"ఒక్కటీ లేదు, అరా లేదు. నా కొడుకు తన చేత్తో నాటిన చెట్టు ఇది. నాటిన నెలకే వాడు పోయాడు. దీనికి గాటు పెడితే వాడికి పెట్టినట్టే."

"చెట్టుకేం కాదత్తయ్యా. అక్కడ దీన్ని పెంచుకుంటే మీరు పక్కనే ఉన్నట్టుంటుంది నాకు."

"అబ్బో! నా మీద ప్రేమ పొంగిపొర్లుతోంది పాపం."

కోడలి ముఖం చిన్నబోయింది. ఆయనకి మంచినీళ్లు తెస్తానంటూ లోపలికి వెళ్లిపోయింది.

అత్తగారు అటే కొరకొరా చూసింది. ఆమెది అసూయ, అదీ దాచుకోవడం చేతకాని అసూయ. కొడుకు పోయిన రోజు వచ్చినవాళ్లంతా "పాపం, ఈ వయసులో" అంటూ కోడలి చుట్టూ చేరారు. తల్లిని ఓ కుర్చీలో కూర్చోబెట్టి మర్చిపోయారు. వాడి వాచీ కోడలి చేతికే ఉంది. వాడి చొక్కాలు కోడలి బీరువాలో, వాడి గొంతు కోడలి ఫోన్లో. ఆఖరికి పొద్దున్నే లేచి వస్తే చెట్టుకి నీళ్లు కూడా కోడలే పోసేసి ఉండేది. అత్తగారు పంతంగా మళ్లీ ఇంకో బిందె పోసేది.

"ఇదిగో నాయనా," అంది గొంతు తగ్గించి. "నువ్వు మాత్రం నోరు జారకు. వాడు నాటిన మొక్క ఆ ఏడు ఎండలకే మాడిపోయిందనీ, కోడలు పుట్టింట్లో ఉన్నప్పుడు నీ దగ్గర ఇంకోటి కొని ఇక్కడ పెట్టాననీ దానికి తెలియకూడదు."

"తెలిస్తే ఏమవుతుందమ్మా?"

"ఏమవుతుందా? నా కొడుకుది అని చెప్పుకోడానికి నాకున్నది ఇదొక్కటే. ఇందులోనూ దానికి వాటా పంచితే ఇక నాకేం మిగులుతుంది? అబద్ధమైతే అయింది, నాది నాకు ఉండనీ."

నర్సరీ ఆయన కత్తి మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాచు సంచిలో వేసుకుని రెండడుగులు వేసి ఆగాడు. గుమ్మం వైపు ఓసారి చూశాడు.

"మీరే ఆ మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నానమ్మా. మీరు కొన్న మొక్క మీరు కంటి ఆపరేషన్‌కి ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఎండిపోయింది. 'మా ఆయన నాటింది పోయిందని తెలిస్తే అత్తయ్య తట్టుకోలేదు' అని ఏడుస్తూ వచ్చి కోడలుగారు కొనుక్కెళ్లిన మొక్క ఇది."