పందికొక్కు బావ వరిమడి

చుంచెలుకా పందికొక్కూ పక్కపక్క మడుల్లో వరి నాటాయి. ఎండాకాలం గడవాలంటే ఆ గింజలే దిక్కు. పందికొక్కుకి తినడం పుట్టుకతో వచ్చిన విద్య, పండించడం మాత్రం కొత్త. చుంచెలుక నాట్లప్పుడే నడుమ నడుమ బాటలు వదిలింది.

"బాటలెందుకే మరదలా, ఊరేగింపేమైనా ఉందా?" అని నవ్వింది పందికొక్కు. తన మడిలో గోరు దూరే సందు కూడా వదల్లేదు.

ముసురు పట్టింది. వారమైనా ఎండ మొహం లేదు. చుంచెలుక రోజూ బాటల్లో నడిచి, దుబ్బులు విడదీసి మొదళ్లు చూసుకుంది. నీటి చెమ్మలో పెరిగి రసం పీల్చే సుడిదోమ కనబడగానే గట్టుకు గండి కొట్టి నీళ్లు తీసేసింది. పందికొక్కు గట్టు మీదే పడుకుని, "నాది పచ్చగా నిగనిగలాడుతోంది" అంది. పైన నిగనిగలాడక ఏం చేస్తుంది? దోమ పట్టేది మొదలుకి కదా!

ఒకనాటి పొద్దున చూస్తే, మడి మధ్యలో కుంపటి బోర్లించినట్టు పైరు గుండ్రంగా మాడిపోయి ఉంది.

"దేవుడు పగబట్టాడే!" అని గుండెలు బాదుకుంది పందికొక్కు.

"దేవుడికి నీ మడి తప్ప వేరే పనిలేదా బావా? ఏడుపాపి గండి కొట్టు."

రెండూ కలిసి నీళ్లు తీసేశాయి. పైరును పాయలు తీసి గాలి ఆడనిచ్చాయి. సగం మడి దక్కింది.

మరుసటేడు నాట్లకి పందికొక్కే ముందొచ్చింది. "బాట ఎంత వెడల్పుండాలే?"

"నీ బొజ్జ పట్టేంత."

"అమ్మో, సగం మడి బాటకే పోతుందే!"

"అందుకే ఇప్పట్నుంచే నడువు బావా."