ఫ్రేములో పడని బావి

కొంప ముంచింది టోపీ మాస్టారే. భార్యతో ఆఫీసు లోపలికి అడుగుపెట్టి అధికారి బల్ల మీద ఫోటో చూడగానే అతనికి ఆ సంగతి అర్థమైపోయింది. ఆదివారం ఆదివారం పదిమందిని పోగేసి ప్రకృతి ఫోటోలు తీయడం నేర్పే పెద్దమనిషి, పోటీలో ఫస్టొచ్చిన ఫోటోని బీరువాలో దాచుకోవాలా, అడిగిందే తడవుగా భూముల ఆఫీసు వాళ్ళ చేతిలో పెట్టాలా? పోటీ తరవాత క్యాలెండర్లో వేసిన అచ్చు కాగితం ఉంటుందనుకుని వచ్చాడతను. ఇక్కడ అసలుదే ఉంది.

దాని పక్కనే అతని అర్జీ.

"ఇది మీ పొలమే కదా?" అన్నాడు అధికారి.

"మాదేనండి. కానీ మా పొలం ఏనాడూ ఇలా లేదండి."

పక్క కుర్చీలో ఉన్న భార్య ముక్కు చీదింది.

ఫోటో చూస్తే ఎవరికైనా గుండె జారిపోతుంది. పైనంతా ఉక్కురంగు ఆకాశం. అడుగున బూడిదరంగు నేల. ఒక పక్కగా ఎండిన మోడు. అంతే. క్యాలెండర్లో దాని కింద ఒక మాట కూడా వేశారు: 'మూడేళ్ళుగా గింజ మొలవని నేల.'

ఆ మాటే ప్రాణం తీసింది. మూడేళ్ళు సాగులేని భూమిని పైసా ఇవ్వకుండా తీసుకోవచ్చని రూలుందట. గోదాములకని తీసేసుకున్నారు. బావి పూడ్చారు. చెట్లు కొట్టేశారు. ఇప్పుడు వెళ్ళి చూద్దామన్నా అక్కడ చూడ్డానికేం మిగల్లేదు.

అతనికి చిన్న ఫోటో స్టూడియో ఉంది. పొలం భార్య చూసుకునేది. బడి ఏడో తరగతిలోనే మానేసినా, ఫోటోల సంగతైతే అతనికి కొట్టిన పిండి. ముందుకి వంగి, ఫోటో అంచు మీద వేలు ఆనించాడు.

"చూడండి సార్. నేలకి ఇంతే చోటిచ్చాడు. ఆకాశం మీదపడి నొక్కేస్తున్నట్టు ఉండాలని. మోకాళ్ళ మీద కూచుని తీశాడు. గట్టు అడ్డమొచ్చి వెనకాల నిమ్మచెట్లు కనబడవు. ఇరవై రెండు చెట్లు సార్! ఇక పైరంటారా, కోతైన మర్నాడు తీశాడు."

"మరి రంగు?"

"పిండేశాడు. గట్టు మీద గడ్డి పచ్చగా ఉండాలి. పచ్చ కనబడితే చూసేవాడికి ఆశ పుడుతుంది కదండీ, అందుకని అదంతా లాగేసి నీలం ఎక్కించాడు. ఇల్లు ఖాళీ చేసి పోయినట్టు లేదూ? అంతా ఆ టోపీ మాస్టారి పాఠమే."

"బావి ఉండేదని రాశారు. ఏదీ?"

"ఇక్కడ." రెండో చేత్తో ఫోటోకి ఎడంపక్క, వట్టి బల్ల మీద చూపించాడు. "కెమెరా ఒక్క అడుగు ఇటు జరిగితే పడిపోయేది."

"నా గాజులండీ ఆ బావి!" అంది భార్య. "నాలుగూ అమ్మి తవ్వించాం. నడివేసవిలో కూడా బిందె ముంచితే చాలు నిండేది. దాన్ని వదిలేసి మోడుని తీశాడే, వాడి చేతులు పడిపోను! పేరు కూడా వేసుకోలేదు చూడండి, దొంగసచ్చినోడు."

"ఇలాంటి మబ్బు కోసం నాలుగు రోజులు కాచుకునుంటాడు," అన్నాడతను మెల్లగా.

"నాలుగు రోజులు మన చేలో ఎవడో తిష్ఠ వేస్తే మనకి తెలీలేదా? మీరు తెల్లారకముందే అటు వెళ్ళేవారుగా అప్పుడు. ఒక్కనాడన్నా కంటబడలేదూ?"

అతను ఒంటిచేత్తో కళ్ళజోడు సర్దుకున్నాడు.

అధికారి చెడ్డవాడు కాదు. అర్జీ దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, మీ ఆయన చెప్పింది నమ్మబుద్ధేస్తోంది. ఆ మూడేళ్ళ మాట ఎవడో దారినపోయేవాడు రాసిందైతే నేను లెక్కపెట్టను. మీ భూమి ఇవాళే మీకు రాసేస్తాను. సొంతదారు నోటి మాటైతేనే నా చేతులు కట్టేసినట్టు."

భూమి పోయిన నాలుగు నెలల్లో మొదటిసారి ఆమె ముఖంలోకి వెలుగొచ్చింది.

"దారినపోయేవాడేనండీ! ఇంకెవడు?"

"పోటీకి పంపేవాళ్ళు ఫోటో వెనకాల హామీ రాసి సంతకం పెట్టాలట. అందుకే అసలుది తెప్పించాను. పొద్దున్నే వచ్చింది, ఇంకా తిప్పి చూడలేదు. ఏదీ, ఇలా ఇవ్వండి."

అతని వేలు కదల్లేదు.

"ఫోటో దేనికి సార్? అక్కడ తవ్వించండి. బావి ఒరలు బయటపడతాయి."

"బావి ఉంటే సాగు చేసినట్టేనా? వేలు తియ్యండి."

"సార్, ఇంకోరోజు..."

"ఏమిటండీ మీరు! పనవుతుంటే అడ్డం పడతారు," అని భార్య అతని చెయ్యి పట్టుకుని పక్కకి లాగేసింది. "తిప్పండి బాబూ. వాడెవడో నేనూ చూస్తాను."

అధికారి ఫోటో తిప్పి, 'మూడేళ్ళుగా గింజ మొలవని నేల, ఉన్నది ఉన్నట్టే తీశాను' అన్న రాత కింద, అర్జీ కింద ఉన్న సంతకమే అక్షరం పొల్లుపోకుండా కనబడేసరికి, ఆమె వైపు చూడలేక తల దించుకుని, అర్జీలో తిరిగిమ్మన్న పొలం లెక్కకి అడ్డంగా ఎర్రగీత కొట్టేశాడు: రెండెకరాల పద్నాలుగు సెంట్లు.