వేడి పొక్కులు

"గా గ్లాసు ముట్టకు డాక్టరమ్మా. అది మా కోడలిది, ఇంట్ల గూడ వేరేగనే పెట్టిన," అంది సోమమ్మ.

దిల్‌సుఖ్‌నగర్ క్లినిక్‌లో కోడలు భూలక్ష్మి తల దించుకుని కూర్చుంది. పక్కన ఆమె బట్టల సంచి ఉంది. చూపించాక అటునుంచి అటే పుట్టింటికి, పోచంపల్లి బస్సెక్కించాలని భర్త పాండురంగం నిర్ణయం.

"చెప్పుకోలేని జాగల పొక్కులు లేసినై. ఎవనితోని తిరిగిందో ఏమో. నా కొడుకు ఇజ్జత్ తీసింది."

"గ్లాసుతో అంటుకోదమ్మా. ఇది హెర్పిస్ అనే వైరస్. కలయిక వల్ల వస్తుంది. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి పొక్కులు వచ్చాయా?"

"మా పాండుకు పోయిన నెల లేసినై. అవి వేరే. హయత్‌నగర్ల ప్లాట్లు చూపిచ్చుకుంట ఎండల తిరిగితే వేడి చేసింది. సబ్జా నీళ్లు తాపితే తగ్గినై."

"ఎక్కడ లేచాయి?"

సోమమ్మకు ఆ వారమంతా కొడుకు ప్యాంటు మానేసి, లుంగీలో కాళ్లు ఎడంగా పెట్టి నడవడం గుర్తొచ్చింది.

డాక్టరు తల వంచుకుని మందులు రాసింది.

పాండురంగం తలుపు తోశాడు. "అయిందా అమ్మా? బస్సు పోతది. దాన్ని లెవ్వమను."

సోమమ్మ కోడలి గ్లాసులో నీళ్లు పట్టి, సగం తాగి, మిగతాది భూలక్ష్మి చేతికిచ్చింది.

"బస్సు పోనీ. నువ్వు లోపటికి రా కొడుకా. నీకు వేడి ఏడ చేసిందో డాక్టరమ్మకు చూపియ్యి."