తొడుగు కింద తుప్పు

"అమ్మా! ఒకసారి ఇలా రా. ఇదేమిటో చూడు!"

హాల్వర్ అరుపు వంటింటి దాకా వినిపించినా బోర్గిల్ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. పెనం మీద ఎల్క్ అనే పెద్ద దుప్పి మాంసం ఉండలు వేగుతున్నాయి.

"నువ్వే రా. నా కాలు సంగతి తెలుసుగా," అంది, దగ్గుతూ.

హాల్వర్ ఒక చేత్తో తుపాకీ, ఇంకో చేత్తో దాని మోత తగ్గించే సైలెన్సర్ పట్టుకుని వచ్చాడు. సముద్రంలో చమురు బావి మీద పని అతనిది. డ్యూటీకి వెళ్లేముందు తుపాకీని పక్కింటి ఈలిఫ్‌కి అరువిచ్చాడు. చిన్ననాటి స్నేహితుడు, పైగా అతని తుపాకీ బాగుచేతకి వెళ్లింది. నిన్న హాల్వర్ తిరిగొచ్చాడు. ఇవాళ పొద్దున్నే తుపాకీ కూడా సంచీలో భద్రంగా తిరిగొచ్చింది. విప్పి చూస్తే ఇదీ!

ఆ సైలెన్సర్ తుపాకీ గొట్టం కొసన మాత్రమే కూర్చునేది కాదు. ఒరలాగా సగం గొట్టాన్ని కప్పేస్తుంది. అందులోకి చేరింది ఏదైనా దానంతట అది బయటికి రాదు. హాల్వర్ దాన్ని బల్ల మీద పాత పేపరుపై బోర్లించాడు. నల్లటి మసినీళ్లు కారాయి. వాటితోపాటు స్ప్రూస్ చెట్టు సూదాకులు, చిటికెడు నాచు రాలాయి. సైలెన్సర్ కింద దాగి ఉండే తుపాకీ గొట్టమంతా గజ్జి పట్టినట్టు ఎర్రగా తుప్పు.

"వానలో తిప్పి, తడితడిగా సంచీలో పెట్టేశాడు! మసీ నీళ్లూ కలిస్తే ఇనుమునేం చేస్తాయో వాడికి తెలీదా?"

"అక్టోబరులో వాన పడదా? తడవకుండా వేటేమిటి?"

"తడిస్తే విప్పాలి! తుడిచి ఆరబెట్టాలి!"

"ఇనుమేగా. కాస్త నూనె రాసి రుద్దితే పోతుంది. కూర్చో, తిందువుగాని. వాడు పంపిన మాంసమే."

"ఆ మాంసం నాకొద్దు!"

అమ్మ వాణ్ణి వెనకేసుకు రావడంలో హాల్వర్‌కి వింతేమీ కనిపించలేదు. వసంతంలో ఆమె తుంటికి ఆపరేషన్ అయ్యాక, ఇక వేట వద్దన్నాడు. వినకపోతే పోరు పెట్టి ఆమె తుపాకీ అమ్మించేశాడు. అప్పటినుంచీ అతను ఎడ్డెమంటే ఆమె తెడ్డెమంటోంది.

అతను తుపాకీ తీసుకుని, చలికోటైనా వేసుకోకుండా, పొలానికి అడ్డంపడి నడిచాడు.

ఈలిఫ్ కొట్టంలో కూర్చుని ఎల్క్ కొమ్ములకు అంటిన తోలు గీకుతున్నాడు. హాల్వర్ తుపాకీని అతని ముందు బల్ల మీద పెట్టాడు.

"ఇదేనా నువ్వు నాకు తిరిగిచ్చేది?"

ఈలిఫ్ గొట్టం వైపు చూశాడు. ముఖం పాలిపోయింది.

"చూసుకోలేదు. పొరపాటైపోయింది."

"చూసుకోలేదా? ఇంటికి రాగానే ముందు సైలెన్సర్ విప్పాలి, తర్వాతే కాఫీ అని నాకు నేర్పిందెవడు?"

"నేనే."

"మరి?"

"మర్చిపోయాను."

"ఒక్క తూటాకే పడిందటగా ఆ ఎల్క్ పోతు. దుకాణంలో అందరూ ఒకటే పొగడ్త."

"అవును," అన్నాడు ఈలిఫ్. ఆ ఒక్క మాట అంటున్నప్పుడు మాత్రం అతని కళ్లు మెరిశాయి. "ఒక్క తూటాకే."

ఆ మెరుపు చూసేసరికి హాల్వర్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"అంత గురి ఉన్నవాడికి తర్వాత ఒక్క నిమిషం ఓపిక లేదా? మర తిప్పి విప్పడానికి చేతులు పడిపోయాయా? అరువు సొమ్మంటే ఇంత అలుసా? మీ నాన్నా ఇంతే. ఎక్కిన పడవని ఎక్కడికక్కడ వదిలేసి కుళ్లబెట్టేవాడు!"

ఈలిఫ్ చేతిలోని కత్తి ఆగిపోయింది. దవడ బిగుసుకుంది.

"మాట్లాడవేం? ఇకమీదట నీ వేట జట్టులో నేనుండను. నా అడవిలోకి నువ్వు రావద్దు. మన మధ్య పలకరింపులు కూడా వద్దు!"

"సరే," అన్నాడు ఈలిఫ్, తల దించుకుని.

కొట్టం తలుపు కిర్రుమంది. బోర్గిల్ చేతికర్ర మీద ఒరిగి రొప్పుతూ నిలబడింది. వంటింటి ఏప్రన్ కూడా విప్పలేదు.

"చాలించు, హాల్వర్. వాణ్ణి ఇంకొక్క మాటంటే ఊరుకోను."

"నువ్వు మధ్యలోకి రాకమ్మా. వీణ్ణి తిట్టకుండా ఎవర్ని తిట్టమంటావు? నిన్నా?"

"పిన్నీ, మీరు ఇంటికెళ్లండి," అన్నాడు ఈలిఫ్ గబగబా లేస్తూ. "తప్పు నాదే. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావురా? పోయిన మీ నాన్నని అంటున్నా నోరు విప్పకుండా కూర్చున్నావు. ఇక నావల్ల కాదు."

ఆమె కర్రతో నేలని ఒక్క పోటు పొడిచి, కొడుకు కళ్లలోకి సూటిగా చూసింది. ఆ చూపులో క్షమాపణ లేదు. వసంతం నుంచీ లోపల కుతకుతలాడుతున్న కోపం ఉంది.

"ఆ తుపాకీని తడితడిగా సంచీలో పెట్టింది నేను. ఆ ఎల్క్‌ని కొట్టిందీ నేనేరా."